దేవదానం పంతులు వాకిట్లో వాక్యాలు

మూడు భాషల్లో చెప్పగలిగిన ఒక్క మాటను ఒక రోజు నేను ఏ భాషలోనూ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతిని మా ఇంట్లోవాళ్ళకు కూడా ఇంతకాలం చెప్పలేదు. జనగామలో మా ఇంటికి ఎదురుగా బడి మైదానం ఉంది. ఆగస్టు నెల వచ్చిందంటే అక్కడ పిల్లలకు కవాతు నేర్పుతారు. దుమ్ము లేవకుండా ముందు బిందెలతో నీళ్ళు చల్లుతారు. ఎండకు కాగిన మట్టి మీద నీళ్ళు పడగానే లేచే వాసన మా వరండా దాకా వస్తుంది. అది అందరికీ ఇష్టమైన వాసనే. నేను మాత్రం అది తగిలితే లేచి కిటికీ మూసేస్తాను. ఎందుకని నా భార్య చాలాసార్లు అడిగింది. తలనొప్పి అన్నాను.

మాది పెద్దవంగర దగ్గర ఒక చిన్న ఊరు. అప్పట్లో బస్సు లేదు. మానుకోట పోవాలన్నా, డోర్నకల్ పోయి రైలెక్కాలన్నా ఎడ్లబండి, లేదంటే కాళ్ళు. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలేవి, వాటి తీపి మత్తు వాసన పొద్దున్నే ఊరంతా కమ్ముకునేది. ఆ తరువాత తునికిపండ్లు, మొర్రిపండ్లు. వానలు పడితే నిప్పుల మీద కాల్చిన మక్కకంకులు. బతుకమ్మ పండుగకు మా నాయనమ్మ నువ్వులు, పల్లీలు దంచి బెల్లం కలిపి చేసే సత్తుపిండి. పీర్ల పండుగకు ఒక సాయబుల ఇంటి నుంచి ఆకులో చుట్టి వచ్చే, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు. జొన్నచేను పాలు పోసుకునే రోజుల్లో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టలను తోలేవాళ్ళం. మా నాయనమ్మకు ఒక అలవాటుండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక తమలపాకుకు సున్నం రాస్తూ, ఆ రోజు ఊళ్ళో విన్న మాటలన్నీ తనలో తాను ఒకసారి పైకి చెప్పుకునేది. ఆ పక్కనే పడుకుని, ఆ మాటలు మెల్లగా మారిపోవడం వింటూ పెరిగాను. మొదట్లో పెళ్ళిళ్ళు, కాన్పులు, తప్పిపోయిన బర్రెలు. ఆ తరువాత ఎవరి గడ్డివాము తగలబడింది, ఎవరి కొడుకు అడవిలోకి పోయాడు, ఏ ఊరి మగవాళ్ళను ఎండలో వరుసగా నిలబెట్టారు.

బాపు ఊరి పటేలు. ఆయనకు రెండు భయాలు. ఎర్రజెండా సంఘం వాళ్ళు వచ్చి భూమి పంచుతారని ఒకటి. వాళ్ళకు భయపడి ఒక పూట అన్నం పెడితే ఆ సంగతి సర్కారుకు తెలుస్తుందని రెండోది. నిజాం పాలన పోయి యూనియన్ మిలిట్రీ వచ్చాక రెండో భయమే పెద్దదైంది. పట్టపగలు కుక్కలు ఉన్నట్టుండి మొరిగితే చేలల్లో మనుషులు కొడవళ్ళు పట్టుకున్నచోటే ఆగిపోయేవాళ్ళు. కోయాల్సిన జొన్న కోయకుండానే నల్లబడింది.

ఆ రోజుల్లో మాకు చదువు చెప్పినవాడు దేవదానం పంతులు. డోర్నకల్ మిషను బడిలో చదువుకున్న మనిషి. మా ఊళ్ళో సర్కారు బడి లేదు కాబట్టి మాదిగవాడ మొదట్లో ఉన్న తన ఇంటి వాకిట్లోనే బడి పెట్టుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎప్పుడూ తెల్ల అంగీ, భుజం మీద మడత పెట్టిన తువ్వాలు. మాట్లాడేటప్పుడు రెండు చేతులూ ముందుకు చాపి, కనబడని దారాన్ని ఎవరో అవతల పట్టుకున్నట్టు లాగుతూ మాట్లాడేవాడు. పొద్దున్నే ఆయన భార్య వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేది. ఆ తడి మట్టి మీదనే మాకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కలిపి నేర్పాడు. ఉర్దూ వస్తేనే కచేరీలో కొలువు దొరుకుతుందని నన్ను బాపు అక్కడికి పంపాడు. అక్కడ మాదిగ పిల్లలతో కలిసి కూర్చోవాలని తెలిసినా వేరే దారి లేక పంపాడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టాలన్నది మాత్రం షరతు.

ఆ షరతు ఎక్కువ రోజులు నిలవలేదు. పంతులు పాఠం కూర్చుంటే వచ్చేది కాదు. ఆయన మమ్మల్నే మాటలుగా నిలబెట్టేవాడు. ఒకడు కొమురయ్య, ఒకడు రొట్టె, ఒకడు తినడం. తెలుగులో తినేవాడు ముందు, రొట్టె మధ్యన, తినడం చివర. "ఇంగ్లీషు" అని ఆయన కేకవేయగానే చివరివాడు పరుగెత్తుకొచ్చి మధ్యలో దూరాలి. "ఉర్దూ" అంటే మళ్ళీ చివరికి పోవాలి. పోయి ఊరికే నిలబడితే చాలదు. తెలుగులో క్రియ ఎప్పుడూ చేసినవాడి మొహమే చూస్తుంది. మగవాడైతే తిన్నాడు, ఆడదైతే తిన్నది. ఉర్దూలో జరిగిపోయిన పని చెప్పేటప్పుడు క్రియ మనిషిని వదిలి రొట్టె మొహం చూస్తుంది. 'కొమురయ్య నే రోటీ ఖాయీ'. కాబట్టి మేము కర్తకు వీపు పెట్టి రొట్టె వైపు తిరగాలి. ఇంగ్లీషులో గడిచిన కాలపు క్రియకు ఎవరి మొహంతోనూ పని లేదు, నిటారుగా ముందుకే చూడాలి. జరుగు, ఆగు, మొగం తిప్పు, మళ్ళా జరుగు అని ఆయన గొంతు వాకిలి దాటి వినబడేది. కర్త, క్రియ, కర్మలను ఉర్దూలో ఫాయిల్, ఫేల్, మఫూల్ అంటారని ఈ నాటికీ నేను మరిచిపోలేదంటే, ఆ మాటలు నా తలలోకి కాక కాళ్ళలోకి ఎక్కాయి కాబట్టే.

విభక్తులకు ఆయన తోకలు కట్టేవాడు. ఆయన భార్య పాత చీర చినిగితే దాని ఎర్రటి అంచును పీలికలు చేసి, 'ను' అనో 'కు' అనో చెప్పి మా నడుములకు వెనక వేలాడేటట్టు ముడివేసేవాడు. 'పులి కొమురయ్యను చూసింది' అన్నప్పుడు కొమురయ్యకు తోక. తోక ఉన్నవాడు వరుసలో ఎక్కడ నిలబడ్డా పులికి దొరికిపోతాడు. ఇంగ్లీషులో తోకలు లేవు, అక్కడ నిలబడే చోటే అంతా. చోటు మారిస్తే కొమురయ్యే పులిని చూసినట్టు. ఆ పాఠం రోజు మేము కడుపులు పట్టుకుని నవ్వాం.

వాక్యంలో కొమురయ్య ఉన్నట్టే మా బడిలో నిజంగానే ఒక కొమురయ్య ఉన్నాడు. చెప్పులు కుట్టే లింగయ్య కొడుకు. వాడు ఏ భాష పేరు వినబడ్డా క్షణంలో తన చోటుకు చేరేవాడు. క్రియ అంటే వాక్యానికి ప్రాణమని పంతులు చెప్పేవాడు కాబట్టి, పటేలు కొడుకుగా ఆ చోటు నాదేనని నేను అనుకునేవాణ్ణి. చాలా రోజులు నాదే. ఒక రోజు నేను మొహం తిప్పడంలో వరుసగా తప్పులు చేశాను. పంతులు నన్ను పక్కకు జరిపి కొమురయ్యను క్రియ చేశాడు, నాకు తోక కట్టాడు. పిల్లలు "పటేలుకు తోక మొలిచిందిరో" అని వెంటపడి ఏడిపించారు. ఇంటికొస్తే, ఎవరి పక్కన నిలబడి వచ్చానోనని ఎప్పటిలాగే అమ్మ నా మీద నీళ్ళు చల్లి లోపలికి రానిచ్చింది. ఆ రోజు ఆ నీళ్ళు చాలవనిపించింది. పంతులుకు ఏదైనా కీడు జరగాలని పడుకునే ముందు కోరుకున్నాను. పిల్లలు కోరుకునే కోరికే అది. కాని మా ఊళ్ళో అప్పుడు కీడు అంత దూరంలో ఏమీ లేదు.

కొద్ది రోజులకే మిలిట్రీ జీపు వచ్చింది. పొద్దెక్కింది, నీళ్ళు చల్లిన వాకిలి ఇంకా ఆరలేదు. మేము వరుసలో ఉన్నాం, నా నడుముకు తోక ఉంది. కుక్కలు మొరగడం విని పంతులు ఆగి వెనక్కి చూసేసరికి సిపాయిలు వాకిలి చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ళ అధికారి దడి దగ్గర కాసేపు మమ్మల్ని చూశాడు. కేక వినబడితే చోట్లు మారే పిల్లలు, నడుములకు ఎర్రగుడ్డలు. సంఘం వాళ్ళు ఊళ్ళలో పిల్లలను చేరదీసి కవాతు చేయిస్తున్నారని ఆయన ఎక్కడో వినే ఉంటాడు. పంతులు ఉర్దూలో చెప్పబోయాడు, తరువాత ఇంగ్లీషులో చెప్పాడు. అదే ఆయనకు చేటైంది. ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని భాషలు నీకెందుకని ఆ అధికారి అడిగాడు. నువ్విక ఏది చెప్పినా నమ్మనని, పిల్లలనే అడుగుతానని, హిందుస్తానీ ఎవరికి వచ్చో చెప్పమని అన్నాడు.

పంతులు నా వైపు చూశాడు. "చెప్పు బిడ్డా. గిప్పటిదాక మనం చేసిందే చెప్పు."

అధికారి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన దగ్గర తోలు వాసన, చెమట వాసన కలిసి వచ్చాయి. ఇతను మిమ్మల్ని వరుసలో నిలబెడతాడా అని అడిగాడు. జీ హా అన్నాను. ఆజ్ఞ ఇస్తే జరుగుతారా? జీ హా. ఈ ఎర్రగుడ్డ ఇతనే కట్టాడా? జీ హా. ఒక్కటీ అబద్ధం కాదు. ఇది వ్యాకరణం, మాకు చదువు చెప్తున్నాడు అన్న ఒక్క మాట నా నాలుక మీదే ఉంది. ఉర్దూలో ఆ వాక్యం లోపల కట్టుకున్నాను కూడా. నన్ను చూసి పిల్లలు నవ్విన రోజు గుర్తొచ్చింది, నోరు మూసుకున్నాను.

అప్పుడు కొమురయ్య వరుసలోంచి బయటికొచ్చాడు. వాడికి పాఠంలోని ఉర్దూ తప్ప మాట్లాడే ఉర్దూ రాదు. భయంలో ఆ పాఠం కూడా పోయినట్టుంది, తెలుగులోనే మొత్తుకున్నాడు. "గది పాఠం దొరా. పాఠమే. మా పంతులు ఏం చెయ్యలే." వీడు ఏమంటున్నాడని అధికారి నన్ను అడిగాడు. నాకు తెలియదు అన్నాను.

పంతులును జీపెక్కమన్నారు. ఒక్క నిమిషం ఆగమని ఆయన వరుస వెంట వచ్చి మా నడుములకున్న పీలికలు తనే విప్పాడు. మేము వాటితో కనబడకూడదని ఆయన అనుకున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. నా ముడి విప్పేటప్పుడు నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నా జవాబు కోసం ఇంకా ఆగి ఉన్నట్టుంది. నేను తడి మట్టిలో నా కాలివేళ్ళను చూసుకున్నాను.

కొమురయ్యను కూడా తీసుకుపోయారు. వాణ్ణి పొద్దుగూకే వేళకు వదిలిపెట్టారు, చెంపలు వాచి ఉన్నాయి. పంతులు తిరిగి రాలేదు. జైల్లో జ్వరమొచ్చి పోయాడని చాలా నెలలకు కబురొచ్చింది. ఆయన భార్య వాకిలి ఊడవకుండానే డోర్నకల్ వెళ్ళిపోయింది. పిల్లవాణ్ణి సాయంత్రానికే వదిలారంటే, వాకిట్లో ఏమన్నా, అక్కడ దెబ్బలకు వాడే ఏదో చెప్పి ఉంటాడని ఊరు అనుకుంది. మిగతా పిల్లలకు ఉర్దూ సరిగా రాదు, నేను ఏమన్నానో, ఏమనలేదో ఎవరికీ తెలియదు. పంతులు అంటే ప్రాణం పెట్టే మాదిగవాడ, వెలివేసినట్టు, లింగయ్య ఇంటికి పొయ్యిలోకి నిప్పు ఇవ్వడం కూడా మానేసింది. ఒక మధ్యాహ్నం మా పెరటి దడి అవతల నిలబడి కొమురయ్య నన్ను పిలిచాడు. "నువ్వన్న చెప్పరాదు పటేలా. నీ మాటైతే నమ్ముతరు." బాపు కొడతాడని చెప్పాను. బాపుకు ఆ సంగతే తెలియదు. ఆ ఎండాకాలం లింగయ్య సామాను నెత్తిన పెట్టుకుని పెళ్ళాంపిల్లలతో భూపాలపల్లి అడవి వైపు వెళ్ళిపోయాడు.

నేను చదువుకుని జనగామలో తెలుగు ఉపాధ్యాయుణ్ణయ్యాను. ఇన్నేళ్ళూ కర్త, కర్మ, క్రియలను నల్లబల్ల మీదే రాశాను, పిల్లలను ఒక్కసారీ నిలబెట్టలేదు. మా ఊరి కథ ఎవరైనా చెప్పుకుంటే, పంతులును పట్టించింది చెప్పులు కుట్టే లింగయ్య కొడుకే అన్న మాట అందులో ఇప్పటికీ వస్తుంది. మా బడి నుంచి భూపాలపల్లికి బదిలీ అయిన ఒక మాస్టారు, అక్కడి కలప డిపోలో మీ ఊరి కొమురయ్య అనే ఆయన ఉన్నాడని చెప్పాక ఇక ఆగలేక భూపాలపల్లి బస్సెక్కాను.

కొమురయ్య నన్ను గుర్తుపట్టాడు. దుంగ మీద తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు, భార్యతో చాయ పెట్టించాడు. నేను మొత్తం చెప్పాను. ఆయన బీడీ ముట్టించుకుని డిపోలోని ఎడ్ల వైపు చూశాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ పటేలా? నాకు తెల్వదా? నేను ఆడనే ఉన్న గద." కొంచెం నవ్వాడు. "గింతమందికి చదువు చెప్తివట. గీ మాట నోట్లకెళ్ళి రానీకె గిన్నేండ్లు పట్టిందా?"

ఆయన నవ్వు పోయింది. "మా నాయిన గా నింద మీదనే సచ్చిండు. చెప్పాలంటే మా వాడకొచ్చి చెప్పు. అందరు ఇనేటట్టు."

పోయిన ఆదివారం ఇద్దరం కలిసి మా ఊళ్ళో బస్సు దిగాం. ఇప్పచెట్లు ఒక్కటీ లేవు, అడవి వెనక్కి పోయి ఆ నేలంతా మిరపచేలైంది. పంతులు ఇల్లు కూలి చాలా కాలమైందట. వాకిలి ఉన్నచోట ఎవరో కొత్త గోడలు లేపారు. మలీద ముద్దలు పంపే ఇంటివాళ్ళు వరంగల్ వెళ్ళిపోయారు. పంతులు దగ్గర చదివినవాళ్ళు వాడలో ముగ్గురో నలుగురో మిగిలారు, ముసలివాళ్ళు మరికొందరు. కొమురయ్య వాళ్ళ మధ్యకు పోయి నిలబడితే ముందు ఎవరూ పలకరించలేదు. నాకు మాత్రం మంచం వేశారు. "కూసో పటేలా" అని ఒక పెద్దాయన దుప్పటి సర్దాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"దేవదానం పంతులు మాకు కవాతు నేర్పలే, చదువు నేర్పిండు. గా మాట మిలిట్రీ సాబుకు చెప్పనీకె ఆ దినం నాకొక్కనికే వచ్చు. నేను చెప్పలే. కొమురయ్య చెప్పబోతే, ఏమంటున్నడో నాకు తెల్వదన్న. ఆయన ఎవ్వల పేరు చెప్పలే. లింగయ్య ఇంటోళ్ళను మీరన్న మాటలన్నీ నన్ననాల్సినయి. పంతులును మాఫీ అడుగుదామంటే లేడు. కొమురన్నా, తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."