పేరు పలకకూడని మొక్క

మా మేనత్త నోట కోడి అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "ఆ కూసేది" అనేది, లేదంటే ఊరికే "అది" అనేది. పక్కింటి రైతుల కోళ్లు గోడ దూకి వచ్చి ఆవిడ కుండీల్లో మట్టంతా గోకి పోసేవి. దాంతో వాటి మీద ఆవిడకున్న కక్ష అంతా ఇంతా కాదు. ఒకటి అరుగెక్కితే చాలు, పేడనీళ్లు చల్లించి గానీ ఊరుకునేది కాదు. మాది శాకాహారుల ఇల్లు, పైగా ఆవిడ మడి మనిషి. నర్సీపట్నంలో ఇంకే మొక్కకైనా ఏ తిక్క పేరైనా పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా అత్త మొక్కకే ఆ పేరు తగలాలా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే నవ్వూ వస్తుంది.

అత్త అంటే నాన్నకు అక్క. కాపురానికి వెళ్లకముందే మొగుడు పోతే మా ఇంట్లోనే ఉండిపోయింది. పూలు పెట్టుకునే రాత లేదు, పూలమొక్క పెంచినా "ఎవరికోసమమ్మా" అని అడిగేవాళ్లు. ఆకుల సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. అందుకని ఆవిడ క్రోటన్లు పెంచింది. ఎర్రవి, పచ్చవి, గులాబీ చుక్కలవి, మెలికలు తిరిగినవి, పెరడంతా పెళ్లిపందిరిలా ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు చిల్లుచెంబుతో మోసి పోసేది.

దొరగారి బంగళాలో ఏటా మొక్కల పోటీ జరిగేది. మొదటి బహుమతి నీళ్లు పోసే ఇత్తడి డబ్బా. దాని మూతికి జల్లెడ ఉంటుంది, వంచితే సన్నగా వాన కురిసినట్టు కురుస్తుంది. బంగళా తోటమాలి చేతిలో అలాంటిది చూసినప్పటి నుంచీ అత్తకు దాని మీదే ప్రాణం. తనకంటూ ఒక వస్తువు కావాలని ఆవిడ నోరు తెరిచి అనడం నేను విన్నది అదొక్కసారే.

మన్యంలో గొడవలు చల్లారాక కొత్త దొర వచ్చాడు. ఆయన వెంట దొరసాని, ఆవిడ వెంట కొత్త మొక్కల పుస్తకం. కచేరీలో గుమస్తా అయిన మా నాన్న ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. మన క్రోటన్లు అసలు క్రోటన్లే కావట. ఆ పేరు నేపాళానిదట.

"నేపాళం అంటే, విరేచనాలకి వేస్తారే, ఆ గింజలా?" అంది అత్త. "ఇన్నాళ్లూ వీటిని దాని పేరెట్టి పిలిచానా? మరి వీటి పేరేటి?"

నాన్న గోడకేసి చూస్తూ చెప్పాడు. "కోడియేయం."

అత్త రెండు చెవులూ మూసుకుంది. "సంధ్యవేళ ఇంట్లో దాని పేరెత్తుతావేటిరా."

"అది లాటిన్, అక్కా."

"లాటిన్లో అయితే కూయదా?"

పోనీ పేరు ఎలా ఉంటే మాకేం అనుకుందామంటే, పెంచినవాళ్లే తమ నోటితో సరైన పేరు చెప్పాలని దొరసాని షరతు. చెప్పలేకపోతే పోటీలో లేనట్టే. బంగళా తోటమాలి కూడా మా గుమ్మంలో కూలబడి నాన్నతో గోడు వెళ్లబోసుకున్నాడు. "దొరసాని మారినప్పుడల్లా మొక్కలకి బారసాలే బాబూ. పాత పేరు సెప్తే కసురుతాది. కొత్త పేరుకి నాలిక మడత పడిపోతంది."

ఇక ఇంట్లో పాఠాలు మొదలయ్యాయి. నాన్న "కో" అంటే అత్త "కో" అనేది. "డి" అంటే "డి" అనేది. రెండూ కలపమంటే నోరు కట్టేసుకునేది. నేను మధ్యలో దూరి, "పోనీ పుంజియేయం అను అత్తా. అదీ కాదంటే పెట్టియేయం" అన్నాను. నాన్న నవ్వాపుకోలేక పెరట్లోకి పరుగెత్తాడు. అత్త నన్ను విసనకర్రతో నాలుగంటించింది, అంటిస్తూ తానే నవ్వేసింది. నవ్వంతా అయ్యాక మాత్రం, "ఆ డబ్బా నాకు రాసిపెట్టి లేదులే" అని కుండీల వైపు చూసింది. దొరసాని పుస్తకాన్ని పొయ్యిలో పెట్టాలనిపించింది నాకు.

పోటీ రోజు బంగళా ఆవరణలో పందిరి వేశారు. ఊళ్లో ఆడవాళ్లంతా ఒక వైపు చేరారు. మెలికల ఎర్రాకు క్రోటన్ వెనక అత్త ముసుగు సర్దుకుని నిలబడింది, పక్కన నేను. దొరసాని వచ్చి ఆకులు తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది. దీని పేరేమిటని నాన్న చేత అడిగించింది.

"కో..." అంది అత్త. అక్కడే ఆగిపోయింది. మొహమంతా చెమట. దొరసాని కాసేపు చూసి పక్క మొక్క వైపు కదిలింది.

అప్పుడు అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, "ఆయన పేరు నేను పలకకూడదండీ. మా మేనకోడలు చెబుతుంది" అంది.

ముందు అందరూ నోళ్లు తెరిచారు. తర్వాత ఆడవాళ్ల వైపు నవ్వు లేచింది చూడండి, పందిరి గుంజలు ఊగిపోయాయి. మొగుడి పేరు అడిగితే మన ఆడవాళ్లు అనే మాట అది. పక్కనున్న పిల్లల చేత ఆ పేరు చెప్పిస్తారు. అత్తకు జన్మలో ఆ మాట అనే అవకాశం రాలేదు. నాన్న మొహం పాలిపోయింది. అయినా గొంతు సవరించుకుని, మా వైపు భార్య భర్త పేరు పలకదని ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. దొరసాని అత్తను చూసింది, క్రోటన్‌ను చూసింది, టోపీ జారిపోయేంతగా నవ్వింది. ఇక ఆగలేక నేను "కోడియేయం" అని గొంతు చించుకున్నాను. డబ్బా మాదైంది.

ఇంటికొచ్చే దారి పొడవునా నాన్న డబ్బా చంకన పెట్టుకుని మాకు ముందు నడిచాడు. ఆ మాటకు అత్త ఎన్ని తిట్లు తినాల్సి వస్తుందోనని నాకు భయం. గుమ్మం ఎక్కాక నాన్న డబ్బా ఆవిడ చేతికిచ్చి, "బేగి నీళ్లు పొయ్యక్కా. పాపం, బావగారు ఎండన పడి వచ్చారు" అన్నాడు.

అత్త గుమ్మంలోనే చతికిలబడి నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు.

కొన్నాళ్లకు ఆ దొరకు బదిలీ అయింది. తర్వాత వచ్చిన దొరసానికి క్రోటన్ అంటే చాలట, కోడియేయం అక్కర్లేదట. నాన్న ఆ కబురు మోసుకొచ్చేసరికి అత్త పెరట్లో ఉంది. తల కూడా ఎత్తలేదు.

"ఏ పేరైనా పెట్టుకోమను. నేనెలాగూ పలకను కదా" అని డబ్బా వంచి, ఆయనకు తలారా నీళ్లు పోసింది.