అమీనాగారింట జప్తు

మొన్న మా వీధిలో డప్పు మోగింది. ఊరేగింపేమో అనుకుని బాల్కనీలోకి వెళ్ళి చూస్తే, ఎదురింటి గేటు ముందు మున్సిపాలిటీ వాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇంటిపన్ను కట్టనివాళ్ళ గుమ్మం ముందు డప్పు కొట్టించడం ఈమధ్య మా ఊళ్ళో మొదలైంది. ఎదురింటాయన బనీను మీదే బయటికి వచ్చి, "కడ్త అంటున్న గద సార్, ముందుగాల ఆ డప్పు ఆపిండ్రి" అని బతిమాలుతున్నాడు. కాసేపటికి బేరం కుదిరి డప్పు ఆగింది. పన్నుతో పాటు వసూలు ఖర్చులు కూడా రసీదులో వేశారట. తన పరువు తీయడానికైన కూలి తనే ఇచ్చుకున్నానని ఆయన సాయంత్రం దాకా కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. విన్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జప్తు మాట ఎత్తితే చాలు, దోహాలో మేమున్న విల్లా, దాని గేటు దగ్గర ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డ మా మామగారు గుర్తుకొస్తారు.

మా మామగారు కోర్టు అమీనా. అంటే, బాకీ తీర్చనివాడి ఇంటికి కోర్టు కాగితం పట్టుకుని వెళ్ళి, ఇంట్లో సామాను జప్తు చేసే ఉద్యోగం. జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఆయన సైకిలు కనబడితే జనం గొడ్లను పక్కింటి దొడ్లోకి తోలేసేవారట. అలాంటి మనిషికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉండేవారు. "మా నాయినకు అప్పులు లేకుండె. గందుకే భయపడకుండ ఇచ్చిండు" అనేవారు. ఆ ఉద్యోగంలో కూడా మామగారికి ఒక గర్వం ఉండేది. వండుకునే గిన్నె, ఆడమనిషి మెడలో పుస్తె, చేతిపనివాడి పనిముట్టు, వీటిని ముట్టుకోకూడదని చట్టం. ఆయన ఆ గీత ఎన్నడూ దాటలేదు. ఇంట్లో మగ్గం కనబడినా, మంగలిపెట్టె కనబడినా, జాబితాలో "ఇది పనిముట్టు, విడిచిపెట్టాను" అని రాసి సంతకం పెట్టేవారు. అలా రాసి ఉంటే రేపు ఇంకో అమీనా వచ్చినా దాని జోలికి పోడట. దాచిన వస్తువుకే భయం గానీ రాయించుకున్న వస్తువుకు భయం లేదని ఆయన సిద్ధాంతం. అన్నం తింటున్నప్పుడల్లా ఈ పాఠం మాకు వడ్డించేవారు. పప్పు అయినా తక్కువ పడేదేమో గానీ ఈ పాఠం ఎన్నడూ తక్కువ పడలేదు.

అత్తగారు పోయాక, ఒక్కరూ ఉండలేకపోతున్నారని మా ఆయన విజిట్ వీసా మీద ఆయన్ను దోహాకు పిలిపించారు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వస్తోందని ఊరంతా తవ్విపోసిన రోజులవి. ఇవాళ వెళ్ళిన రోడ్డు రేపు ఉండేది కాదు. మా ఆయన ముషైరిబ్ దగ్గర మెట్రో పనుల సైట్ ఆఫీసులో చేసేవారు. మేముండేది మదీనత్ ఖలీఫాలో. బయటి నుంచి చూస్తే అది ఒక విల్లా. లోపల ప్లైవుడ్ గోడలు పెట్టి నాలుగు కాపురాలు చేశారు. ఇటు మా పిల్ల తుమ్మితే అటునుంచి ఎవరో ఒకరు "చిరంజీవ" అనేవారు. అంత పల్చటి గోడలు. ఇల్లంతా లీజుకు తీసుకున్నది మా జిల్లాయనే. అరబ్బు యజమానికి అద్దె కట్టేది ఆయన, ఆయనకు కట్టేది మేము. నెలనెలా డబ్బు చేతికే ఇచ్చేవాళ్ళం. రసీదు అడగాలని ఒక్కరికీ తోచలేదు. పండక్కి స్వీట్ల డబ్బా పట్టుకొచ్చే మనిషిని, "ఏమమ్మా, అందరు మంచిగున్నరా" అని పలకరించే మనిషిని రసీదు ఎలా అడుగుతాం? పరాయి దేశంలో సొంత జిల్లా మాట చెవిన పడితే మనకు సగం తెలివి పోతుంది.

మా గోడకు అవతల ఆపా ఉండేది. నిజామాబాదు వైపు మనిషి. నాకంటే పెద్దది కాబట్టి ఆపా అనేదాన్ని, తర్వాత విల్లా అంతటికీ ఆపా అయింది. స్టేడియం పని అయిపోయిందని ఆపా వాళ్ళాయన్ను కంపెనీ తీసేసింది. ఆయన వేరే ఉద్యోగం వెతుక్కుంటూ తిరుగుతుంటే, ఇల్లు గడిపేది ఆపా కుట్టుమిషనే. మూసేస్తున్న ఒక దర్జీ దుకాణంలో పాతది కొనుక్కుంది. బడిపిల్లల యూనిఫారాలు, అరబ్బు ఇళ్ళ బట్టలు, మా జాకెట్లు కుట్టేది. కప్పు దగ్గరపడేకొద్దీ ఆ దేశపు జెండాలు మొదలయ్యాయి. ముదురెరుపూ తెలుపూ కలిసేచోట ఆ రంపపు పళ్ళ అంచు కుట్టడం అందరి వల్లా కాదు. ఆపాకు అది చేతిలో పని. మా మామగారు రోజూ టీ గ్లాసు పట్టుకుని ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని, తన జప్తు కథలు చెప్పేవారు. "చాచా, మీ కథలు వింటుంటే నాకు బాకీ లేకున్నా భయమైతది" అని ఆమె మిషన్ ఆపకుండానే నవ్వేది. కోడలినైన నాకు చెప్పుకోలేని సంగతులు కూడా, అత్తగారు పోయిన రోజు సంగతితో సహా, ఆయన ఆమెకు చెప్పుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

కప్పు నాటికి అద్దెలు చుక్కలనంటుతాయని అందరికీ తెలుసు. విల్లా యజమాని ఇల్లు ఖాళీ చేయించి బాగుచేయించుకోవాలని కాగితాలు తీస్తే, అప్పటికి ఎన్ని నెలల నుంచో అద్దె అందలేదని బయటపడింది. మా జిల్లాయన అందరి డబ్బూ తీసుకుని దేశం దాటిపోయాడు. గేటుకు కోర్టు నోటీసు అంటించారు. ఆ లిపి ఆపాకు చిన్నప్పటి నుంచే వచ్చు, అరబ్బుల ఇళ్ళకు బట్టలు కుట్టి కుట్టి భాషా వచ్చింది. ఆమే చదివి చెప్పింది. లీజు ఎవరి పేరున ఉందో, ఇంట్లో సామాను కూడా వాళ్ళదేనని లెక్కట. ఫలానా రోజు వచ్చి జప్తు చేస్తారు. మా దగ్గర దేనికీ బిల్లు లేదు. ఫ్రిజ్జులూ మంచాలూ అన్నీ వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర కొన్న పాతవే. "ఏది పోతే అది పోనీ చెల్లె. మిషన్ పోతే మాత్రం మేం రేపటి సంది ఏం తినాలె?" అంది ఆపా. ఇద్దరం కలిసి దాన్ని మోసుకొచ్చి మా మంచం కిందికి తోసి, ముందు బొంతలు వేలాడదీశాం. సగం కుట్టిన జెండా సూది కిందే ఉండిపోయింది. మామగారు కుర్చీలోంచి అంతా చూశారు. దాచడం ఆయనకు నచ్చలేదని మొహంలో తెలుస్తూనే ఉంది.

ఆ రోజు ఆయన పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. వచ్చినవాళ్ళలో ఒక కుర్ర ఆఫీసరు, ఈజిప్టు గుమాస్తా, లారీలో ఇద్దరు నేపాలీ హమాలీలు. మామగారు వాళ్ళకు సలాం చెప్పి, నాచేత టీ పెట్టించారు. మా కొంపలు కూలుతుంటే ఆయనకు పాత ఆఫీసు మనుషులు ఎదురైనట్టుంది. "పని తెల్సినోళ్ళే బిడ్డా. తలుపు కొట్టి, ఎవరో చెప్పుకొనే లోపలికచ్చిండ్రు" అని నాకు మెచ్చుకోలుగా చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. ఫ్రిజ్జులు రాశారు, టీవీలు రాశారు. మా గదిలోకి తొంగిచూసి, మంచం రాసుకుని, అది తర్వాత తీద్దామన్నట్టు బయటికి వచ్చేశారు. గుమాస్తా పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. అందరూ గేటు దాకా వెళ్ళారు. ఆపా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు మామగారు, "ఆగుండ్రి సాబ్" అన్నారు. ఆపా వైపు తిరిగి, "రాయించుకుందాం బిడ్డా. మంచం తీసెతందుకు మళ్ళస్తరు. అప్పుడు దొరికితే దాచిన సొమ్ము అంటరు. ఇప్పుడే పనిముట్టని రాయిస్తే దాన్ని ఎవ్వడు ముట్టడు" అన్నారు. "నక్కో చాచా! నక్కో!" అంది ఆపా, వద్దని తల అడ్డంగా ఊపుతూ. "నీకు తెల్వది. ముప్పై ఏండ్లు నేను చేసిన పని గిది" అంటూ వాళ్ళను వెంటబెట్టుకుని ఆయనే గదిలోకి నడిచి, వంగి, బొంతలు పక్కకు తీశారు. ఈమె దర్జీ అని, ఇది ఆమె చేతిపని సాధనమని చెప్పమన్నారు. ఆపా పెదవులు తడుపుకుంటూ అరబ్బీలో చెప్పింది. గుమాస్తా శ్రద్ధగా విన్నాడు. బిల్లుందా అని అడిగాడు. లేదు. ఆఫీసరూ అతనూ మాట్లాడుకున్నారు. తర్వాత గుమాస్తా మామగారికి ఎంతో మర్యాదగా వివరించాడు, ఆపా చేతే చెప్పించాడు. వాళ్ళ చట్టం కూడా పనిముట్టును వదిలేస్తుంది. కానీ కాగితం మీద ఎవరి పేరుందో ఆ మనిషి పనిముట్టును. ఆ మనిషి దర్జీ కాదు కదా. "యల్లా" అన్నాడు ఆఫీసరు, ఇక ఎత్తండన్నట్టు. హమాలీల్లో ఒకతను మిషన్ ఎత్తబోయి ఆగి, సూది కింద జెండాను దారం తెంపి తీసి, మడతపెట్టి ఆపా చేతికిచ్చాడు. మామగారు గదిలో నిలబడే ఉన్నారు. ఆయన చేతిలో బొంత అలాగే ఉంది.

ఇల్లు ఖాళీ చేయడానికి మాకు కొంత గడువిచ్చారు. ఆ గడువంతా మామగారు బస్సులెక్కి ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. మిషన్ విడిపించాలంటే కొన్న రుజువు చూపాలి, పైగా లారీ కిరాయి, గోదాములో ఉంచినందుకు రోజు రోజుకూ పెరిగే అద్దె. అవన్నీ కలిస్తే ఆ పాత మిషన్ ఖరీదును మించిపోయాయి. ఆయన తన పెన్షన్ డబ్బు తెప్పిస్తానన్నారు. ఆపా వాళ్ళాయన ఒప్పుకోలేదు. మామగారు ఒప్పించి తెప్పించేసరికి, అమ్మిన దుకాణం మనిషి దేశంలోనే లేడు, రుజువు లేనిదే డబ్బు తీసుకునేది లేదన్నారు ఆ ఆఫీసువాళ్ళు. ఆ తర్వాత అది వేలంలో పోయింది. ఆ సాయంత్రం చెప్పులు విడుస్తూ, "నా బత్తా, బండి కిరాయి గూడ గట్లనే వసూలు జేసిన బిడ్డా. ఇచ్చెటోడికి ఎట్లుంటదో ఇన్నేండ్లకు తెలిసింది" అన్నారు. నాకు కోపం తీరలేదు, జాలీ ఆగలేదు.

కోర్టులో ఉన్నన్నాళ్ళూ ఫైళ్ళ కట్టలు దబ్బనంతో కుట్టిన చేతులు కదా ఆయనవి. మర్నాటి నుంచి కళ్ళజోడు పెట్టుకుని, ఆపా గుమ్మంలోనే కూర్చుని, జెండాల అంచులు చేత్తో కుట్టడం మొదలుపెట్టారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కుట్టేవారు. కథలు లేవు. ఆమె టీ ఇచ్చేది, ఆయన తాగేవారు. రోజంతా కుట్టినా మిషన్ మీద ఒక పూట పని కూడా అయ్యేది కాదు. జెండాలు కుట్టించుకునే దుకాణంవాడు కొన్ని తీసుకుని, ఇలా అయితే లాభం లేదని చేతులెత్తేశాడు. చివరికి ఆపా వాళ్ళు ఇంటికి వెళ్ళిపోవడానికే నిశ్చయించుకున్నారు. ఏ ఆట కోసం అన్ని జెండాలు కుట్టిందో, అందులో ఒక్కటి కూడా చూడకుండానే.

వెళ్ళేరోజు పెట్టెలు వ్యానులోకి ఎక్కించాక, ఆపా మామగారి ముందుకు వచ్చి నిలబడింది. "చాచా, ఒకటి అడుగుత. మీ సర్వీసుల ఎన్ని కుట్టుమిషన్లు జప్తు చేసిండ్రు?" అంది. ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"సర్వీసుల ఒక్కటి గూడ లేదు బిడ్డా" అన్నారాయన. మళ్ళీ ఆయనే, "రిటైరైనంక ఒక్కటి" అన్నారు.

ఆపా కొంగు తల మీదికి లాక్కుని వ్యాన్ ఎక్కింది. మేము దోహా బయట అల్ ఖోర్ అనే ఊళ్ళో తెలిసినవాళ్ళింట్లో ఒక గదికి మారాం, వీసా గడువు తీరి మామగారు ఇంటికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరు ఎంత అడిగినా ఆయన నోట మళ్ళీ జప్తు కథ రాలేదు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఏ ఇళ్ళలో ఏ మగ్గాలు వదిలిపెట్టి వచ్చారో, ఆ ఇళ్ళవాళ్ళకే ఇప్పుడు గుర్తుండకపోవచ్చు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మా మామగారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి తీరిక దొరకలేదు.