చుక్కమ్మ పెట్టెలో చల్లని పక్క

నిన్న మధ్యాహ్నం హమాలీల మేస్త్రి ఫోన్ చేశాడు. "అంజి పడిపోయాడు, తొందరగా ఆస్పత్రికి రా" అన్నాడు.

బండి మీద నుంచి పడ్డాడనుకున్నా. చెయ్యో కాలో విరిగి ఉంటుంది, బాగా తిడదామనుకుంటూ వెళ్ళా.

ఆస్పత్రి వరండాలో స్ట్రెచర్ మీద ఉన్నాడు. ముఖం మీద గుడ్డ కప్పేశారు.

వడదెబ్బ అట.

నా స్నేహితుడు అంజి మిర్చి కోల్డ్ స్టోరేజీలో హమాలీ. లోపల ఎముకలు కొరికే చలి. అక్కడి నుంచి మిర్చి టిక్కీ, అంటే బస్తా, భుజానేసుకుని బయటికి. బయట నిప్పులు. లారీ నింపడం, మళ్ళీ చలిలోకి.

ఆ లారీ ఆగే చోట నీడకి ఒక్క రేకు వేయమని హమాలీలు ఎన్నిసార్లు అడిగారో. "సీజన్ అయ్యాక చూద్దాంలే" అన్నారు స్టోరేజీ వాళ్ళు.

వాడు ఎలాంటివాడో తెలియని వాళ్ళకి ఒకటి చెప్పాలి. వాడు బల్లిని పెంచాడు.

గోడ మీది బల్లి కాదు. లెపర్డ్ గెకో అని, పెంచుకునే విదేశీ బల్లి. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు. బ్రాడీపేటలో ఒక హాస్టల్ కుర్రాడు ఊరెళ్ళిపోతూ వదిలేస్తే, అద్దాల పెట్టెతో సహా తెచ్చుకున్నాడు. చుక్కమ్మ అని పేరు పెట్టాడు.

చలికాలంలో చుక్కమ్మ తిండి మానేసింది. వీడు హడలిపోయి, వాళ్ళ మామ కోళ్ళ షెడ్డులో కోడిపిల్లలకు వెచ్చదనం కోసం వేలాడదీసే ఎర్ర బల్బు పట్టుకొచ్చి పెట్టె మీద కట్టాడు. రాత్రీ పగలూ అదే వెలుగు. చుక్కమ్మ కుండపెంకు కిందికి దూరి ఇక బయటికి రాలేదు.

నేను మోటార్ వైండింగ్ షాపులో పని చేస్తా కదా, నన్ను పిలిచాడు.

"ఏరా, రాత్రంతా నీ మొహాన లైటేస్తే నువ్వు తింటావా?" అన్నా.

"మరి చలికి చచ్చిపోతేనో?"

"వేడి వేరు, వెలుగు వేరురా ఎదవా!"

ఇద్దరం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాం. పగలు మామూలు లైటు. రాత్రి చీకటి. పెట్టె అడుగున ఒక పక్కనే హీట్ మ్యాట్, అది మితిమీరి కాలకుండా థర్మోస్టాట్. రెండో పక్క చల్లగా వదిలేయాలి.

"వేడి కావాలంటే ఇటొస్తుంది, చాలనుకుంటే అటు పోతుంది. దానికి తెలుసురా. దారి మాత్రం మనం ఉంచాలి" అన్నాడు అంజి, పెద్ద సైంటిస్టులా.

ఎండలు ముదిరాక కథ తిరగబడింది. వాడి రేకుల ఇల్లు పొయ్యి అయిపోయింది. మ్యాట్ తీసేసి, ఐసు కట్టిన బాటిల్‌కి గుడ్డ చుట్టి చల్లని పక్కన ఆనించేవాడు. పనికి పోతూ "అమ్మా, మధ్యాహ్నం బాటిల్ మార్చు" అనేవాడు.

"కన్నతల్లి కంటే బల్లే ఎక్కువైందిరా నీకు" అని తిడుతూనే మార్చేది వాళ్ళమ్మ.

నిన్న మధ్యాహ్నం కూడా మార్చింది.

ఇవాళ శ్మశానం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వాళ్ళ బంధువు ఒకాయన అన్నాడు: "ఇంట్లో బల్లిని పెట్టుకుంటే ఇంతే. ముందు దాన్ని బయట పారెయ్యండి."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"బల్లేం చేసిందండీ? దానికి నీడ ఉంది. వాడికే లేదు" అని అరిచా.

మేస్త్రి తల దించుకున్నాడు. కోల్డ్ స్టోరేజీ వాళ్ళు పంపిన దండ గుమ్మం దగ్గర వాడిపోతోంది. దండ పంపడానికి ఒక్క పూట పట్టలేదు వీళ్ళకి.

రేపు ఆ లారీ దగ్గర ఇంకొకడు నిలబడతాడు. అదే ఎండ. నేను ఇక్కడ ఎంత రాసినా అంతే.

చుక్కమ్మని నా గదికి తెచ్చుకున్నా. పెట్టె వాళ్ళమ్మే ఎత్తి ఇచ్చింది. "మధ్యాహ్నం బాటిల్ మార్చడం మరిచిపోకయ్యా" అంది.

ఇది రాస్తుంటే చుక్కమ్మ మెల్లగా నడిచి చల్లని పక్కకి పోయి పడుకుంది. ఎవర్నీ అడగలేదు.

ఒరేయ్ అంజీ, ఇక టిక్కీలు దించేయరా.

నువ్వున్న చోట నీడ ఉండాలి. పడుకో.