బర్లు అలిగిన చెరువు

నా చిన్నప్పటి సంగతి ఏది చెప్పినా ఉప్పు ఓ పిడికెడు ఎక్కువే పడుతుంది. ముందే ఒప్పుకుంటున్నాను, తరువాత నిలదీయకండి. మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో, చెరువులో ఈతకు దిగిన పిల్లలకూ వలలు వేసినవాళ్లకూ జరిగిన లొల్లి వీడియో చూసేసరికి మా నాయనమ్మ గుర్తొచ్చింది.

ధర్మసాగర్ అవతల ఉండే మా ఊరి చెరువు సముద్రానికి పెద్దన్న. మా బర్రె ఏనుగుకు పెద్దక్క. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అది నీళ్లలో పండుకోకపోతే పాలు తగ్గేవి, ఆ పాల మీదే మా ఇల్లు నడిచేది. ఆ ఏడు చెరువును గుత్తకు పట్టిన ఒక మామ, చేపలు బాగా పడుతున్నాయని, సరిగ్గా బర్లు దిగే రేవుకు అడ్డంగా వల కట్టాడు. ఆయన మీసం ఒక కొస మా వాడలో ఉంటే రెండో కొస పక్క ఊళ్లో ఉండేది.

ఒకరోజు మా బర్రె తనంతట తాను నడుచుకుంటూ పోయి ఆ వలలో చిక్కుకుంది. చిక్కుకున్నది ఊరుకుంటుందా! వలను పుటుక్కున తెంపి, పెళ్లికూతురి ముసుగులా నెత్తిన వేసుకుని, నలభై చేపలు వేలాడుతుండగా ఊళ్లోకి ఒకటే ఉరుకుడు. వెనక కుక్కలు, కుక్కల వెనక పిల్లులు, అన్నింటి వెనక మామ.

“రేపటి సంది ఒక్క బర్రె తోక గూడ నీళ్లల్ల కనబడొద్దు!” అని ఆయన అరిచాడు.

“చెరువు మీ అయ్య తవ్విచ్చిండా?” అని మావాళ్లు.

“గుత్త నేను కట్టిన. మీ బర్రె కట్టిందా?”

కట్టెలు లేచాయి. అప్పుడు మా నాయనమ్మ నడుమ నిలబడి, “తమ్మి చెప్పింది నిజమే గదా. ఇయ్యాల్టి సంది మా వాడ బర్లు చెర్వుల దిగయి” అంది. ఊరు నోరు తెరిచింది. ఆమె మాత్రం ఇల్లిల్లూ తిరిగి, జర ఓపిక పట్టుమని చెప్పి వచ్చింది.

పది రోజులు బావి నీళ్లు తోడి బర్లను కడిగాం. నా చేతులు సాగి మోకాళ్లు దాటాయి. పాలు సగానికి పడిపోయాయి. చాయ్‌లో పాలున్నాయని అమ్మ చెబితే నమ్మి తాగేవాళ్లం. నాయనమ్మ రోజూ పొద్దుగూకే ముందు చెరువు కట్ట ఎక్కి, మామ రేవుకు మళ్లీ కట్టిన కొత్త వల వైపు చూసి, ముసిముసిగా నవ్వుకుంటూ దిగేది.

పదకొండో నాడు మామ మా వాకిట్లోకి వచ్చాడు. మీసం కిందికి దిగింది. “అక్కా, జర బర్లను తోలుండ్రి. వలల నాచు తప్ప ఏం పడ్తలేదు.”

“పడ్తదా మరి? బర్లు బురద కలిపి పేడేస్తెనే గదా రేవుకు చాపలొచ్చేది. వాటికి సద్ది పెట్టేటోళ్లనే ఎల్లగొడ్తివి. మా బర్లు అలిగినయి తమ్మీ!”

మామ తల గోక్కున్నాడు, తరువాత పగలబడి నవ్వాడు. మధ్యాహ్నం రేవు బర్లది, అవి గట్టెక్కాక వలది అని అక్కడే తేలిపోయింది. “బర్లు దిగేటప్పుడు వల తాడు విప్పి పక్కకు గుంజేది మావోడు,” అంది నాయనమ్మ నన్ను ముందుకు నెట్టి. “చినిగిన వల కుట్టేదాంక నీ పక్కన గూసుంటడు.” నన్నే ఎందుకని ఎవరూ అడగలేదు. నేనైతే అసలే అడగలేదు.

మా చెరువు సముద్రం కాదు. వేలాడిన చేపలు మూడు. ఇవి ఉప్పు లెక్కలోకి వస్తాయి. అబద్ధం ఒక్కటే చెప్పాను: బర్రె తనంతట తాను పోలేదు. వల ఎంత గట్టిదో చూద్దామని తోక మెలేసి తోలింది నేనే. కట్ట మీద నుంచి నాయనమ్మ చూసింది. ఊరంతా కట్టెలు పట్టుకున్నప్పుడు కూడా నా పేరు చెప్పలేదు. ఆ ఎండాకాలమంతా వల ముడులు వేయించి ఊరుకుంది.

అందుకే ఇప్పటికీ రెండు గుంపులు కొట్లాటకు దిగితే నేను ఏ గుంపులోనూ చేరను. రెండింటి వెనకా తిరిగి చూస్తాను, తోక మెలేసినవాడు ఏమీ ఎరగనట్టు ఎక్కడ నిలబడ్డాడా అని.