గిరిజమ్మ గుర్రాల సినిమా

జహీరాబాదులో మా సినిమా హాలుకు ఆడవాళ్ళ గేటు వేరు, లోపల కూర్చునే చోటూ వేరు. మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. ఆ గేటు దగ్గర టికెట్లు చింపే గిరిజమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా డెబ్బైల్లో ఇంగ్లీషు గుర్రాల సినిమాలు, అదే కౌబాయ్ సినిమాలు, ఈ ఊళ్ళో ఆడాయంటే ఆమె నోటి చలవే. కాదనేవాళ్ళెవరైనా ఉంటే నా ఎదురుగా వచ్చి అనమనండి.

అంగడి రోజు మ్యాట్నీకి కోహీరు నుంచి, ఝరాసంగం నుంచి ఆడవాళ్ళు సంచులతో సహా వచ్చి కూర్చునేవారు. తెర మీద టోపీవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఎవరికీ తెలిసేది కాదు. గిరిజమ్మ పొద్దున్నే ఆపరేటర్ శివరాజ్ రీళ్ళు వేసి చూసుకునేటప్పుడు తనూ ఒకసారి చూసి, మ్యాట్నీలో గోడకు ఆనుకుని నిలబడి కథ చెప్పేది. ఏ సినిమా అయినా ఆమె పెట్టే పేర్లు అవే. గుర్రం మీద వచ్చిన పొడుగాటి మనిషి రేవణసిద్ధప్ప. నల్ల టోపీవాడు పటేలు, ఊరి బావికి తాళం వేసిన దుర్మార్గుడు. తెల్లతోలు వితంతువు పేరు చెన్నమ్మ. మేమంతా చెన్నమ్మ కోసం ముక్కులు చీదుకునేవాళ్ళం. అవతల మగవాళ్ళు కథ వినబడుతుందని గోడ పక్క కుర్చీల కోసం కొట్టుకునేవారు.

తర్వాత గుర్రాల సినిమాలు ఆగిపోయాయి. పదేళ్ళపాటు వచ్చినవన్నీ మనకు అర్థమయ్యే సినిమాలే. గిరిజమ్మకు టికెట్లు చింపడమే మిగిలింది. ఆమె గొంతు లేని హాల్లో కూర్చోవడం నాకు నచ్చేది కాదు.

ఎనభై ఆరు నాటికి ఇంటింటికీ వీడియో వచ్చింది. ఆడవాళ్ళ క్లాసు సగం ఖాళీ. హాలు యజమాని మదన్‌మోహన్ సేటు దసరాకల్లా గోడ పడగొట్టి, గేటు మూసేస్తానన్నాడు. గేటు లేకపోతే గిరిజమ్మకు పని లేదు. సరిగ్గా అప్పుడే పట్నంలో గుర్రాల సినిమాలు మళ్ళీ వస్తున్నాయని శివరాజ్ కబురు తెచ్చాడు. గిరిజమ్మ తిన్నగా సేటు దగ్గరికి వెళ్ళింది.

"సేట్, ఒక్క గుర్రాల సినిమా తెప్పియ్యుండ్రి. అంగడి నాడు నా క్లాసు నిండకపోతే గోడ నేనే పడగొట్టి పోత."

ఈ రోజుల్లో గుర్రాలు ఎవడిక్కావాలని సేటు నవ్వాడు. దసరా దాకా ఎలాగూ ఖాళీయే కదా అని చివరికి ఒప్పుకున్నాడు.

గిరిజమ్మ వారం రోజులు ఊళ్ళు తిరిగింది. రేవణసిద్ధప్ప మళ్ళీ వస్తున్నాడని చిరాగ్‌పల్లి దాకా చెప్పి వచ్చింది. అంగడి రోజు క్లాసు నిండింది, నేల మీద కూడా కూర్చున్నారు. నేను చంటిదాన్ని మా అత్తకు అప్పగించి మరీ వెళ్ళాను.

సినిమా పది రీళ్ళు. గిరిజమ్మ గొంతు పదేళ్ళ ఆకలి తీర్చుకుంటోంది. పైన క్యాబిన్లో శివరాజ్ కథలో ఎంత మునిగిపోయాడంటే, కిటికీలోంచి చెవి తీయకుండానే చేతికందిన రీలు డబ్బా తీసి ఎక్కించాడు. ఎనిమిదో రీలుకు బదులు తొమ్మిదోది. నడిబజారులో రేవణసిద్ధప్ప పటేలును కాల్చేశాడు. ఈలలు, చప్పట్లు. మరుక్షణం ఎనిమిదో రీలు మొదలైంది, చచ్చిన పటేలు దర్జాగా కూర్చుని మాంసం తింటున్నాడు.

మగవాళ్ళ వైపు గోల లేచింది. కుర్చీలు చప్పుడయ్యాయి. సేటు లేచి నిలబడ్డాడు. పోయింది, గేటు పోయింది అనుకున్నాను.

గిరిజమ్మ గొంతు మాత్రం తడబడలేదు. "కూసోండ్రి. పటేలును కాల్చిండు గదా. ఎందుకు కాల్చిండో ఇప్పుడు మతికి తెచ్చుకుంటున్నడు. సూడుండ్రి."

హాలు సద్దుమణిగింది. పటేలు మనుషులు చెన్నమ్మ ఇంటికి నిప్పు పెట్టారు. ఆమె ముసలి తండ్రి లోపలే కాలిపోయాడు. రేవణసిద్ధప్ప బూడిదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కాల్చినప్పుడు ఈలలు వేసిన మగవాళ్ళే ఇప్పుడు కళ్ళు తుడుచుకున్నారు. పదో రీల్లో గుర్రం కొండల్లోకి వెళ్ళిపోతుంటే హాలంతా లేచి నిలబడింది.

సాయంత్రం ఆటకు సేటు స్వయంగా క్యాబిన్లోకి వెళ్ళి రీళ్ళు వరసగా పెట్టించి వచ్చాడు. మ్యాట్నీ చూసినవాళ్ళు సగంమంది మళ్ళీ వచ్చారు, మిగతావాళ్ళు కథ విని వచ్చారు. పటేలు చావకముందే చెన్నమ్మ ఇల్లు అంటుకునేసరికి గోడకు రెండు వైపులా ఒకటే అరుపులు. ముందు పటేలు చావాలి, సినిమా తప్పుగా వేస్తున్నారు అని. గిరిజమ్మ నోరు మూసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. సేటు కాసేపు ఓర్చుకుని, క్యాబిన్ వైపు తల ఎత్తాడు.

"శివరాజ్, ఆపు. గిరిజమ్మ చెప్పినట్టే వెయ్యి."

నాలుగు వారాలు అలాగే ఆడింది. దసరాకు సేటు గోడకు సున్నం, గేటుకు కొత్త రంగు వేయించాడు. పొరపాటు పడకుండా శివరాజ్ ఆ రెండు డబ్బాల మీద అంకెలు మార్చి రాశాడు. ఆ డబ్బాలు అలాగే, తర్వాత ఆ సినిమా ఆడాల్సిన బీదరు హాలుకు వెళ్ళాయి.