తువ్వాల కింద నాలుగు వేళ్లు

మధ్యాహ్నం పూట గంటసేపు నిద్ర కోసం నేను నా సంసారాన్ని మొత్తం తువ్వాల కింద పెట్టి అప్పగించేశాను. అదీ నవ్వు మొహంతో కాదు, ఏడుపు మొహం పెట్టుకుని, ఎంతో తెలివిగా చేస్తున్నాననుకుంటూ. ఆ తెలివి ఏ గతి పట్టిందో చెబుతాను. నవ్వుకోండి. కాకపోతే కొంచెం నెమ్మదిగా నవ్వండి, పక్క గదిలో మా ఆవిడ ఉంది.

దేవరకొండ బజారులో మాది బట్టల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. నేను పుట్టింది దవాఖానలోనే అయినా, నడక నేర్చింది మాత్రం గుడ్డ తాన్ల మధ్య. మా బాపు నేర్పిన మొదటి పాఠం ఒకటే: "నచ్చినదాని దిక్కు చూడకు కొడకా. నచ్చనిదాన్ని పట్టుకొని ధర అడుగు." ఈ పాఠాన్ని నేను ఎంత శ్రద్ధగా ఒంటబట్టించుకున్నానంటే, కట్టంగూర్ పక్క ఊరికి పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా, పిల్ల నచ్చిన సంగతి బయటపడుతుందేమోనని దొడ్లో ఉన్న గొర్రెల వైపే చూస్తూ కూర్చున్నాను. నాకు కాబోయే మామ మధ్యవర్తిని పక్కకు పిలిచి, "పిలగాడు పిల్ల కోసం వచ్చిండా, గొర్ల కోసం వచ్చిండా?" అని అడిగాడట.

పిల్లతోనే పెళ్లయింది. పేరు మంజుల. కొన్నేళ్లకు మాకొక కూతురు పుట్టింది, చిన్ని. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఇంతే మా ఇల్లు. కానీ ఆ ఇంట్లో పుట్టే చప్పుడు మాత్రం ఒక జాతరకు సరిపోతుంది.

మధ్యాహ్నం కొట్టులో గిరాకీ పల్చబడగానే ఒక కునుకు తీద్దామని పైకి వస్తానా, సరిగ్గా అప్పుడే అత్తాకోడళ్లు బియ్యం చేటలు ముందేసుకుని కూర్చునేవారు. మా అమ్మది ఈ చేనులో నిలబడి ఆ చేనులోని మనిషిని పిలిచే గొంతు. మంజుల ఏం తక్కువ కాదు. వాళ్లిద్దరి మాటలకు తోడు చిన్ని స్టీలు గిన్నెలు పరుచుకుని "రాండ్రి అక్కా, మంచి చీరెలున్నయి!" అంటూ గరిటెతో కొట్టు నడిపేది.

"జర సప్పుడు తక్కువ చెయ్యుండ్రి. నిమ్మళంగ పండుకోనియ్యరా?" అనేవాణ్ని.

"సప్పుడు లేకుంటె ఇల్లెట్లయితదిరా? గోదామైతది గని," అనేది మా అమ్మ, ఇంకొంచెం గట్టిగా.

అలాంటి రోజుల్లో ఒకసారి మా మామ వచ్చాడు. గొర్రెల మంద ఉన్న మనిషి. అంగడిలో జీవాలు అమ్మీ కొనీ తల నెరిసినవాడు. మా అత్త చనిపోయి చాలా కాలమైంది. ఊళ్లో ఆయనా, ఆయన తల్లీ. ఆ ముసలమ్మను మంజుల అవ్వా అంటుంది, కాబట్టి నాకూ అవ్వే.

"అల్లుడా, అవ్వకు కంటి ఆపరేషన్ అయింది," అన్నాడు మామ చాయ్ తాగుతూ. "పూటపూటకు చుక్కల మందెయ్యాలె. నేను జీవాలెంట పోతె ఇంట్ల ఎవ్వరుండరు. మంజులను, చిన్నిని తోల్కపోత. ఎన్నాళ్లు పంపుతవో చెప్పు."

నా గుండె గంతేసింది. ఇంట్లో గిన్నెల కొట్టు ఉండదు! చేటల ముచ్చట్లు ఉండవు! కానీ నచ్చినదాని దిక్కు చూడొద్దు కదా? కాబట్టి మొహాన్ని వెంటనే తడిగుడ్డలా వేలాడేశాను.

"అయ్యో మామా, ఇద్దరు పోతె ఇల్లెట్ల గడుస్తది? నువ్వే చెప్పు ఎన్నాళ్లో."

"నీ ఇల్లు. నువ్వే చెప్పు."

"పెద్దోడివి. నువ్వే చెప్పాలె."

బేరంలో ముందు నోరు తెరిచినవాడు ఓడిపోతాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చాయ్ చల్లారిపోయింది. చివరికి మామ భుజం మీది తువ్వాల తీసి నా కుడిచేతి మీద కప్పాడు.

"గిట్ల తెగేటట్టు లేదు. అంగడి లెక్క మాట్లాడుకుందాం పా."

గొర్రెల అంగడిలో అమ్మేవాడూ కొనేవాడూ ధర నోటితో చెప్పుకోరు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని మాట్లాడుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు. నాకు ఈ పద్ధతి చూడటమే తప్ప చేయడం రాదు. రాదని చెబితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కానీ మా తాత కూడా గొర్రెలు కాసినవాడే. ఆయన మంద అమ్మేసి గొంగళ్ల దుకాణం పెడితే, మా బాపు దాన్ని బట్టల కొట్టు చేశాడు. ఆ తాత మనవణ్ని, బజారులో పేరున్న బేరగాణ్ని, నాకు రాదని నేనెట్లా అంటాను?

"పా మామా," అన్నాను.

మామ నా రెండు వేళ్లు పట్టుకున్నాడు. రెండు రోజులా! నాకున్న నిద్ర బాకీకి అవి ఏ మూలకు? పైన దుఃఖం దుఃఖంలాగే ఉంచి, కింద మాత్రం మూడో వేలు ఆయన గుప్పిట్లోకి జరిపాను. మామ కళ్లు చిట్లించి నా మొహం వైపు చూశాడు. మొహం ఏడుస్తోంది. నాలుగో వేలు కూడా జరిపాను. పాపం, ఇన్నేళ్ల అంగడి జీవితంలో ఇలాంటి గిరాకీ ఆయనకు తగిలి ఉండదు.

"ఖాయమేనా?" అన్నాడు మామ.

"ఏం చేస్త మామా. నీ మాట కాదంటనా," అన్నాను, ఇల్లు రాసిచ్చినవాడిలా నిట్టూర్చి.

వంటింటి గుమ్మంలోంచి మంజుల అడిగింది. "ఎంతకు తెగింది నాయినా?"

"నాలుగు."

"నాలుగా!" ఆమె నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు. "నువ్వు ఒప్పుకుంటవనుకోలే. అవ్వంటె నీకు గింత ప్రేమ ఉన్నదని నాకు ఇన్నేండ్లు తెల్వకపాయె."

నాలుగు రోజులకే ఇంత సంబరమా అని నాకు ఆశ్చర్యమేసింది. కానీ మెచ్చుకోలును వెనక్కి ఇచ్చే అలవాటు వ్యాపారస్తుడికి ఉండదు, ఉంచుకున్నాను. మంజుల రెండు పెద్ద సంచులు సర్దింది. చిన్ని పలక, స్వెటరు, గిన్నెలు, గరిటె కూడా వెళ్లాయి. ఆడవాళ్లు నాలుగు రోజులకు కూడా ఇంత సామాను మోస్తారు కాబోలు అనుకుని, నేనే స్వయంగా బస్సులోకి అందించాను.

మొదటి మధ్యాహ్నం నేను పోయిన నిద్ర రాజులు కూడా పోయి ఉండరు.

రెండో మధ్యాహ్నం గోడ గడియారం అరవడం మొదలుపెట్టింది. అది అంత పెద్ద గొంతున్న గడియారమని పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు తెలియదు. లేచి చూస్తే మా అమ్మ ఒక్కతే చేట ముందు కూర్చుని, నోరు విప్పకుండా బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఏందమ్మా, మాట్లాడవు?"

"సప్పుడు వద్దంటివి గదరా. పండుకో."

"కొంచెం మాట్లాడితె ఏమైతది?"

"నీతోని ఏం మాట్లాడాలె? నీకు చీరెల ధరలు తప్ప ఏమొస్తయి?"

కొట్టులోకి దిగాను. ఒకావిడ చీర చూసి సగం ధర అడిగింది. నేను పరధ్యానంగా "సరే తీస్కో అమ్మా" అన్నాను. ఆమె చీరను అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టేసి, "గింత జల్ది ఒప్పుకున్నడంటె దీంట్ల ఏదో ఉన్నది" అని పక్కామెతో గుసగుసలాడి వెళ్లిపోయింది.

గడువు దాటిన రోజు పొద్దున్నే ఫోన్ చేశాను.

"బస్సెక్కిండ్రా?"

"ఏ బస్సు?" అంది మంజుల.

"నాలుగు దినాలైపాయె గద."

"నాలుగు దినాలేంది? నాలుగు వారాలు గద."

వెనకనుంచి మామ గొంతు: "దినాలకు ఎవడన్న తువ్వాల కప్పుతడా అల్లుడా? కంటి మందు నాలుగు వారాలెయ్యాలన్నడు డాక్టరు. నేను రెండు వారాలకే అడిగితి. మిగిలిన రెండు వేళ్లు నువ్వే ఇస్తివి!"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. మూసుకోలేదు.

"నాలుగు దినాలు నిమ్మళంగ పండుకుందామని ఒప్పుకున్న గని, నెలకని ఎవరనుకున్నరు?" అనేశాను.

"అంటె, అవ్వ కోసం కాదా?" మంజుల గొంతు సన్నబడింది. "మేం లేకుంటె నీకు నిమ్మళమా?"

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే చిన్ని ఎత్తింది.

"అమ్మ ఇంట్ల లేదంట."

"లేదని ఎవరు చెప్పిండ్రు బిడ్డా?"

"అమ్మనే."

కొట్టు మూసేశాను. పండుగకు కూడా సగం తలుపు తెరిచి ఉంచే కొట్టు అది. అమ్ముడుపోని చీరల్లోంచి కాకుండా, అద్దాల అరలోంచి మంచి చీర తీసి సంచిలో పెట్టుకున్నాను. మెట్ల మీది నుంచి మా అమ్మ ఒక్క మాటే అంది: "ఆడికి పోయి బేరం చెయ్యకు."

నల్లగొండలో బస్సు మారి, కట్టంగూర్‌లో దిగి, ఆటోలో ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఆమెకు చెవులు సరిగా వినపడవు. అందుకని లోకానికంతా వినపడదనుకుని మాట్లాడుతుంది.

"ఎవరొచ్చిండ్రు?"

"నీ మనుమరాలి మొగడే!" అని అరిచాడు మామ.

"ఎవరు, ఆ పండుకునెటోడా?"

గోడకు అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఊరంతటికీ తెలిసిపోయిందన్నమాట.

మంజుల అవ్వ కంట్లో చుక్కలు వేస్తోంది. నా వైపు చూడలేదు. నచ్చినదాని దిక్కు చూడని విద్య ఈమెకు ఎప్పుడు అబ్బిందో!

"మామా, తప్పయింది," అన్నాను. "నాకు తువ్వాల బేరం రాదు."

"వేళ్లు పట్టినప్పుడే తెలిసింది. నీ మొఖం ఏడుస్తాంది, నీ వేళ్లేమో ఉరుక్కుంట వస్తున్నయి. అయినా ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే. మాట తప్పినోనితోని అంగడిల మళ్ల ఎవ్వడు చెయ్యి కలపడు."

నేను మంజుల దగ్గరికి వెళ్లాను. అమ్మ చెప్పిన మాట గుర్తుంది. నోటికే గుర్తు లేదు.

"మూడు వారాలు చేసుకుందామా?"

ఆమె చుక్కల సీసాకు మూత పెట్టింది.

"పోనీ రెండున్నర?"

"నేను చీరెనా?" అంది.

ఆ ఒక్క మాటతో నా బేరం మొత్తం నేలన పడింది. సంచిలోని చీర బయటికి తీసే ధైర్యం కూడా పోయింది. నేను మంచం కోడు పక్కన కూలబడ్డాను.

"నాకు నిద్ర పడ్తలేదు మంజులా. ఇంట్ల గడియారం తప్ప ఎవ్వరు మాట్లాడ్తలేరు. అమ్మ గూడ మాట్లాడ్తలేదు. నిమ్మళం అంటె సప్పుడు లేకపోవుడే అనుకున్న. నువ్వు, అమ్మ, చిన్ని గట్ల వాగుతుంటెనే నాకు కన్ను మూతపడ్తదని ఇప్పుడు తెలిసింది. నువ్వేమంటె గది. నువ్వు రావాలె, గంతే."

"అరెరె!" అని మామ నెత్తి కొట్టుకున్నాడు. "కొనెటోడు గట్ల ముందే చెప్పుకుంటడా? ఇగ నీ దగ్గర బేరమాడనీకి ఏమున్నది?"

మంజుల కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకు రావాలనే ఉన్నది. అవ్వను ఎవరు చూస్తరు మరి?" అంది. అని, లేచి వెళ్లి వాళ్ల నాయిన భుజం మీది తువ్వాల లాగి నా చేతి మీద కప్పింది.

కింద ఆమె చెయ్యి నా చేతిని పట్టుకుంది. ఒకటి కాదు, రెండు కాదు, అయిదు వేళ్లూ. నలుగురిలో, మామ ముందర, ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. రోజులా, వారాలా, ఏడాదులా, అసలు బేరం దేనిమీదా, నేనేమీ అడగలేదు.

"ఖాయమేనా?"

"ఖాయం."

"ఏందని అడగవా?"

"అడగ."

అప్పుడు నవ్వింది. "అవ్వ మనతోని వస్తది. అయిదు నెలలు. రెండో కన్ను గూడ మన దగ్గర్నే చేయించాలె. ఇదివరకే అడుగుదామనుకున్న. అడిగితె బేరం చేస్తవని అడగలే."

బేరాల్లో ఎన్నో మాటలు పడ్డాను కానీ, ఇంత మెత్తగా అన్న మాట ఇంత లోపలికి దిగడం నాకు తెలియదు. తల వంచుకున్నాను.

"ఏమంటుండ్రు?" అంది అవ్వ.

"నిన్ను దేవరకొండకు తోల్కపోతరట!" అని అరిచాడు మామ.

"నా మేకపిల్లను గూడ తోలుకపోవాలె. అది కాళ్లకాడ లేకుంటె నాకు నిద్ర పట్టది!"

నిద్ర కోసం అడిగినవాళ్లకు కాదని చెప్పే మొహం నాకెక్కడిది? ఆటోలో అవ్వ, మంజుల, చిన్ని, రెండు సంచులు, గిన్నెలు, గరిటె, మేకపిల్ల. నేను డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చున్నాను. ఆటో కిరాయి ఎంతని కూడా అడగలేదు. డ్రైవరుకే అనుమానమొచ్చి నన్ను రెండుసార్లు తేరిపార చూశాడు.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం ఎలా ఉంటుందంటే, చేను గొంతు మా అమ్మ, చెవులు వినపడని అవ్వ ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు రహస్యాలు చెప్పుకుంటారు. ఆ రహస్యాలు బజారు చివరన మంగలి దుకాణందాకా వినపడతాయి. చిన్ని మేకపిల్లకు చీరలు అమ్ముతుంది. మేకపిల్ల కొన్నిటిని రుచి కూడా చూస్తుంది. మంజుల చుక్కల సీసా పట్టుకుని "అవ్వా, కన్ను తెరువు! నోరు గాదు, కన్ను!" అని అరుస్తుంటుంది. ఇన్నిటి నడుమ గోడవైపు తిరిగి, కాళ్లు ముడుచుకుని నేను నిద్రపోతుంటాను. కింద గిరాకీ వచ్చి పిలిచినా వినపడదు.

మొన్న ఇలా లేచి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, చేతిలో మీటరు బద్ద పట్టుకుని నిలబడి గంభీరంగా ప్రమాణం చేశాను. ఇకమీదట తువ్వాల కనపడితే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటానని, ఇంట్లో మనుషుల మీద బేరం ఆడనని, నిమ్మళం కావాలని మళ్లీ ఎవరినీ ఊరికి పంపనని, నా గుడ్డ తాన్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మంజుల తల దించుకుని నవ్వుకుంది. అమ్మ చేట పక్కన పెట్టి మరీ విన్నది.

అంతా అయ్యాక అవ్వ మా అమ్మ వైపు వంగి, వీధి వీధంతా వినేలా అడిగింది:

"ఏమంటడు? ఎంతకు తెగిందట?"