టీచరమ్మ పోయిన రోజు ఆడిన మగ్గాలు

మన వీధిలో పెద్దవాళ్లందరం కలిసి పసిపిల్లలకు అబద్ధం చెప్పాం. పోయిన వారం మంగళవారం పొద్దున అంగన్‌వాడీ టీచరమ్మ గుండె ఆగి చనిపోయింది. ఆ సంగతి పిల్లలకు తెలియకుండా దాచాం. దాచడానికి చేయకూడని పని కూడా చేశాం. అందులో నేనూ ఉన్నాను.

ఈ కాగితం జిరాక్స్ తీయించి ఇంటికొకటి ఇస్తున్నాను. పక్క వీధుల వాళ్లు చదివినా అర్థం కావాలని మొదటి నుంచి రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసి మగ్గం గుంతలోకి దిగినవాణ్ణి. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద చదివిందే. తప్పులుంటే ఉండనీ.

మా పాపకు ఇంకా ఐదేళ్లు నిండలేదు. మూడేళ్లప్పుడే జకార్డు అట్టల మీది నంబర్లు చదివేది. చీర అంచులో పువ్వు పడటానికి చిల్లులు కొట్టిన అట్టలు అవి, వరసగా మగ్గం మీద తిరుగుతుంటాయి. ఒకసారి రెండు అట్టలు తారుమారైతే నాకంటే ముందు పాపే కనిపెట్టింది. అదే బిడ్డ, కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకొని మంచం కిందికి దూరేది. నీళ్ల ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు కొట్లాడుకుంటే సాయంత్రం దాకా అన్నం ముట్టేది కాదు. మా అమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. దర్గాలో తాయెత్తు కట్టించాం. గోరంట్ల నుంచి వచ్చిన మా మేనత్త, "రెండు వాతలు పెట్టిస్తే కుదురుకుంటాది" అంది. నేను వద్దనలేదు. అంత భయపడి ఉన్నాను. తెలివైన బిడ్డ కావాలని మొక్కుకునేవాళ్లు ఒక నెల మా ఇంట్లో ఉండి చూడాలి.

ఆ రోజుల్లోనే ఒక పెళ్లికి జరీ అంచు గౌను తొడిగితే పాప ఏడ్చి ఏడ్చి విప్పి పారేసింది. కొట్టాను. మరుసటి రోజు చెంప మీద వేళ్ల గుర్తులు చూసి టీచరమ్మ నన్ను పిలిపించింది.

"ఆ గౌను తీసకరా పో."

తెచ్చాను. అంచు తిరగేసి, లోపలి పక్క నా మెడ మీద పెట్టి గట్టిగా రుద్దింది.

"ఎట్లుండాది?"

"గీసుకుంటాంది."

"దినమంతా ఇట్ల గీసుకుంటాంటే నువ్వు పెండ్లిలో నగుకుంటా కూర్చుంటావా? జరీ నేసేవానికి జరీ ఎనకపక్క ఎట్లుంటాదో నేను చెప్పాల్నా?"

"అందరి పిల్లోళ్లూ ఏసుకుంటాండారు గదా, టీచరమ్మా."

"అందరికీ ఇంత తగల్దప్పా. ఈ బిడ్డకు ఎక్కువ ఇనపడతాది, ఎక్కువ కనపడతాది, ఎక్కువ తగుల్తాది. అట్టలు తప్పినాయని కనిపెట్టింది యా కండ్లతోనో, ఏడ్సేది గూడా ఆ కండ్లతోనే. ఒగటి కావాల, ఒగటి వద్దంటే ఎట్ల?"

వాతల సంగతి కూడా చెప్పేశాను. ఆమె గొంతు పెంచలేదు. "కడ్డీ కాల్చే ముందర ఆ యమ్మను ఒకసారి నా కాడికి పంపు" అంది. మేనత్త పోయి వచ్చింది. టీచరమ్మ ఆమెతో ఏం చెప్పిందో తెలియదు గానీ మళ్లీ మా ఇంట్లో ఆ మాట ఎత్తలేదు.

టీచరమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా పిల్లల ఎత్తుకు కింద కూర్చునే మాట్లాడేది. లేవాలంటే పిల్లలే చేతులిచ్చి లాగేవాళ్లు. అంగన్‌వాడీ కేంద్రంలో పప్పు ఉడికేటప్పుడు మా పాపను పక్కన కూర్చోబెట్టుకొని, "ఇంగ మూడు కూతలొస్తాయి, లెక్కపెట్టి నాకు చెప్పు" అనేది. నెల తిరిగేసరికి కుక్కరు ఎప్పుడు దించాలో పాపే చెప్పడం మొదలుపెట్టింది. మూడో కూతకు చేయి పైకెత్తేది, చెవులు మూసుకునేది కాదు. మా ఇంట్లో రెండేళ్లు మేమెవరమూ చేయలేని పని అది.

సూదులు వేసే రోజు నేనూ అక్కడే ఉన్నాను. నర్సమ్మ "నొప్పే ఉండదు బంగారూ" అంటే టీచరమ్మ అడ్డం వచ్చింది. "ఉంటాది. పది లెక్కపెట్టేంతసేపు ఉంటాది."

ఒక తల్లికి కోపం వచ్చింది. "ముందే చెప్తే జడుసుకుంటారు గదక్కా."

"సూదికి జడుసుకుంటే రొంతసేపే. ల్యాదని చెప్పి పొడిస్తే మనల్ని చూసి జడుసుకుంటారు."

మా పాప కళ్లనీళ్లు కారుతుండగానే చేయి చాచి లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగి, "అయిపాయ. మూడు మిగిలినాయి" అంది. ఆ మూడూ పక్కింటి వెల్డింగాయన కొడుకుకు ఇస్తానంది. వాడు వద్దని పరుగెత్తాడు. టీచరమ్మ నవ్వి నవ్వి దగ్గింది.

అటువంటి మనిషి చావునే మనం అబద్ధంతో కప్పిపెట్టాం.

మన వీధిలో ఎవరు పోయినా శవం లేచేదాకా మగ్గాలు ఆపుతాం. మగ్గాలు ఆగాయంటే ఎవరో పోయారని పిల్లలకు కూడా తెలుసు. ఆ మంగళవారం కొళాయి దగ్గర మన వీధి పెద్దాయన అన్న మాట అందరమూ విన్నాం. "పిల్లోళ్లు బెదురుకుంటారప్పా. మగ్గాలాపితే తెలిసిపోతాది. నేయొద్దు, ఊరికే ఆడించండి."

చావు రోజు నేయకూడదు గనక, మగ్గంలో పరుగెత్తే నాడెలోంచి దారం చుట్టిన కండె తీసేశాం. పిల్లల్ని లోపల పెట్టి తలుపులు మూశాం. వీధి పొడవునా ఖాళీ నాడెలు అటూ ఇటూ తోలుతూ, టీచరమ్మను తీసుకుపోయేదాకా చప్పుడు చేశాం. ఆమె కోసం ఒక పూట కూడా మగ్గం ఆపలేదు.

వంటింట్లోంచి పాప వచ్చి నా పక్కన నిలబడింది.

"నాయనా, కండె మార్చలేదే?"

"ఇంకా అయిపోలేదులే."

"ఇంతసేపటికి మూడు అయిపోవాల. నేను లెక్కపెట్టినా." వంగి నాడెలోకి చూసింది. "దారమే ల్యాదు. ఎవురు సచ్చిపోయినారు?"

"ఎవురూ ల్యాదమ్మా."

"టీచరమ్మ యాడుండాది?"

"ఊరికి పోయింది. సోమందేపల్లెలో వాళ్ల చెల్లెలింటికి. వస్తాదిలే."

పాప నా నోటి వైపు చూసింది, కళ్లలోకి కాదు. లోపలికి పోయింది. నేను మగ్గం ఆడిస్తూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి అన్నం ముద్దను విప్పి చూసి గానీ తినడం లేదు. మధ్యాహ్నం వాళ్లమ్మ రొంతసేపు కునుకు తీస్తే, పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తోంది. నాలుగో రోజు నేను తట్టుకోలేక నిజం చెప్పేశాను. టీచరమ్మ చనిపోయింది, నేను అబద్ధం చెప్పాను అని. పాప ఏడవలేదు. నేరుగా వీధిలోకి పోయి అరుగు మీద కూర్చున్న ఒకామెను అడిగింది. ఆమె ఎవరో ఇక్కడ రాయను, ఆమెకు తెలుసు.

"టీచరమ్మ సచ్చిపోయిందంట, నిజమేనా?"

"ఎవురు చెప్పినారే నీకు? మీరు అల్లరి చేస్తాండారని అలిగి పోయింది. గమ్మునుంటే వస్తాది."

నేను వాకిట్లోంచి విన్నాను. పాప తిరిగి వచ్చి వాళ్లమ్మను ఒక్క మాట అడిగింది. "నేను కుక్కరు కాడ ఊరికే చెయ్యెత్తుతాంటి. అందుకేనా?"

అదే చివరి మాట. ఐదు రోజులైంది, నోరు తెరవలేదు. నాతో లేదు, వాళ్లమ్మతో లేదు. అల్లరి చేయకుండా ఉంటే ఆమె వస్తుందని గోడకు ఆనుకొని చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంటోంది. కదలడం లేదు. ఐదేళ్ల బిడ్డ అంత కుదురుగా కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా? ఈ బిడ్డను పట్టుకునే తీరు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె లేదు. ఇప్పుడు ఏం చేయాలో అడగడానికి పోవాల్సిన ఇల్లు కూడా ఆమెదే.

నేను ఒక్కణ్ణి చెబితే చాలదు. ఒకసారి అబద్ధమాడిన నోరు నాది. వీధిలో ఇంకొకరు వేరే మాట చెప్పినంతకాలం పాప ఎవరినీ నమ్మదు. మీ పిల్లల సంగతి కూడా చూసుకోండి. తాళం వేసిన కేంద్రం ముందర రోజూ పలకలు పట్టుకొని నిలబడుతున్నారు. వెల్డింగాయన కొడుకు సోమవారం వస్తుందని, తర్వాత బుధవారం వస్తుందని లెక్క మార్చుకుంటున్నాడు. వాడికి కూడా లెక్కలు మనమే తప్పు నేర్పుతున్నాం.

కాబట్టి అడుగుతున్నది ఇది. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ప్రతి ఇంటి నుంచి తల్లో తండ్రో పిల్లల్ని తీసుకొని కేంద్రానికి రావాలి. పెద్దాయన కూడా రావాలి. పిల్లల ఎత్తుకు కింద కూర్చొని, అందరమూ ఒకే మాట చెప్పాలి. టీచరమ్మ చనిపోయింది. గుండె ఆగిపోయింది. ఇక రాదు. ఎవరి అల్లరి వల్లా కాదు. పిల్లలు ఏడిస్తే ఏడవనిద్దాం, మనకు ఏడుపు వస్తే మనమూ ఏడుద్దాం. వాళ్లు ఏమి అడిగినా తెలిసింది చెబుదాం, తెలియనిది తెలియదందాం.

వస్తారో రారో శుక్రవారం సాయంత్రం ఆరు గంటల లోపల జవాబు చెప్పండి. ఫోన్ వద్దు, ఇంకొకరితో చెప్పి పంపొద్దు. మా ఇంటికి రండి. పాప గోడ దగ్గర కూర్చొని ఉంటుంది. తనకు వినపడేట్లు చెప్పండి.